చదరపు అడుగు ఎంత అని అడిగే ముందు

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా మేనత్త ఈ మధ్య పడకగదిలో అలమర చేయించుకోవాలని ముగ్గురు ఆచారులను (వడ్రంగులను) పిలిపించింది. ముగ్గురూ టేపు పట్టి కొలిచింది ఒకే గోడను. వెడల్పు 6 అడుగులు, ఎత్తు 7 అడుగులు. ముగ్గురూ చదరపు అడుగుకు ఇంత అని ధర రాసిచ్చి వెళ్ళారు. మొదటివారి ధరకూ మూడోవారి ధరకూ మధ్య దాదాపు రెట్టింపు తేడా. "ఇందులో నన్ను మోసం చేస్తున్నది ఎవరు నాయనా?" అని అడిగింది అత్త. మూడు కాగితాలూ ముందేసుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. మోసం చేసినవారు ఎవరూ కనిపించలేదు. ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర కట్టారు, ముగ్గురూ దాన్ని అలమర అనే పిలిచారు.

ఇల్లు బాగుచేయించుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చదరపు అడుగు అనగానే అది నేల కొలతలాగా, బట్ట కొలతలాగా తేలిపోయిన లెక్క అనిపిస్తుంది. అలమర విషయంలో అది తలుపుల వైపు నుంచి కనిపించే ముఖానికి మాత్రమే కొలత. 6 అడుగులను 7తో గుణిస్తే 42 చదరపు అడుగులు. లోపల ఎన్ని అరలు, ఎంత లోతు, ఏ చెక్క, లోపలి గోడలకు మైకా అనే పలుచని నున్నటి షీటు అతికిస్తారా లేక రంగు పూసి వదిలేస్తారా అన్నవేవీ ఆ 42లో లేవు. రెండు అరలున్న అలమరకూ, పది అరలూ నాలుగు సొరుగులూ ఉన్న అలమరకూ ముఖం అదే.

అత్త అడిగిన అలమరనే విప్పి చూద్దాం. 2 అడుగుల లోతు. మధ్యలో నిలువు పలక ఒకటి. ఎడమవైపు ఐదు అరలు, కుడివైపు చీరలూ చొక్కాలూ వేలాడదీసేందుకు కడ్డీ, దానిపైన ఒక అర. రెండు పక్కలకు 28 చదరపు అడుగులు, మధ్య పలకకు 14, పైనా కిందా కలిపి 24, ఆరు అరలకు 36. పెట్టెకే 102 అయింది. తలుపులకు మరో 42. మొత్తం 144 చదరపు అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కావాలి. వెనుక గోడకు 6 మిల్లీమీటర్ల పలుచని షీటు వేరే. ఇక మైకా చూడండి. బయటికి కనిపించేది 42 చదరపు అడుగులే. లోపలి ముఖాలన్నీ, అంటే అరల పైనా కిందా, పక్కలు, తలుపుల వెనుక భాగం కూడా కలిపితే 236 చదరపు అడుగులు వస్తుంది. తక్కువ ధర చెప్పిన ఆయన ఈ 236కు మైకా లెక్క కట్టలేదు. ఎక్కువ చెప్పిన ఆయన కట్టాడు. తేడాలో పెద్ద భాగం అక్కడే బయటపడింది.

లోపల మైకా అవసరమా అంటే, నా అభిప్రాయం చెబుతాను. బట్టలు పెట్టే చోట అవసరమే. రంగు వేసిన చెక్క రెండు మూడేళ్ళకే గీతలు పడుతుంది, తేమకు వాసన పట్టుకుంటుంది. బయటి వైపు వాడే 1 మిల్లీమీటరు మైకా లోపల అక్కర్లేదు. 0.8 మిల్లీమీటర్ల సాదా తెల్లనిది చాలు, ధర కూడా తగ్గుతుంది. తెలుపైతే లోపల వెలుతురు నిలుస్తుంది, మూలకు పోయిన జాకెట్టు కూడా కనబడుతుంది.

ఇక కోత సంగతి. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 32 చదరపు అడుగులు. 144ను 32తో భాగిస్తే నాలుగున్నర షీట్లు. కానీ చెక్క నీళ్ళలాగా ఖాళీ ఉన్న చోటికల్లా పారదు. షీటును నిలువునా కోస్తే 2 అడుగుల పట్టీలు రెండు వస్తాయి. 7 అడుగుల పక్కలకు, మధ్య పలకకు మూడు పట్టీలు, 6 అడుగుల పైభాగానికీ అడుగుభాగానికీ రెండు, 3 అడుగుల అరలు పట్టీకి రెండు చొప్పున మూడు. ఎనిమిది పట్టీలంటే నాలుగు షీట్లు. నాలుగు తలుపులు ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పు కాబట్టి ఒక షీటులో రెండే వస్తాయి, వాటికి రెండు షీట్లు. లెక్క నాలుగున్నర అన్నది, రంపం ఆరు అడిగింది. మిగిలిన ముక్కలు సొరుగులకు పనికొస్తాయి, అయినా డబ్బు మాత్రం ఆరు షీట్లకూ కట్టాల్సిందే.

ఈ లెక్క తెలిస్తే అలమరను కాగితం మీదే చవక చేయవచ్చు. అర పొడవు 3 అడుగులకు బదులు 2 అడుగుల 8 అంగుళాలకు కాస్త లోపు పెట్టుకుంటే 8 అడుగుల పట్టీలో రెండు కాదు, మూడు అరలు వస్తాయి. అలమర వెడల్పు 8 అంగుళాలకు కాస్త పైగా తగ్గుతుంది, అర షీటు మిగులుతుంది. రంపం పళ్ళు కోతకోతకూ రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తాయి కాబట్టి లోతు కూడా నిండా 24 అంగుళాలు అనకుండా 23న్నర అనుకోవాలి. మంచి ఆచారి అయితే పని మొదలుపెట్టే ముందు షీటు బొమ్మ గీసి, ఏ ముక్క ఎక్కడి నుంచి వస్తుందో చూపిస్తాడు. అడగండి. చిరాకు పడకుండా గీసి చూపించే మనిషికి కూలి పది రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదని నా నమ్మకం.

పొట్టి అరకు మరో లాభం ఉంది, అది ఇంకా ముఖ్యం. బరువు సమానంగా పరుచుకున్న పలక పొడవును రెట్టింపు చేస్తే, దాని కుంగుడు రెండింతలు కాదు, పదహారింతలు పెరుగుతుంది. మందం 12 నుంచి 18 మిల్లీమీటర్లకు పెంచితే గట్టిదనం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే 4 అడుగుల అర కొత్తలో ఎంత తిన్నగా ఉన్నా రెండేళ్ళకు పట్టుచీరల బరువుకు ఉయ్యాలలా వంగుతుంది. ప్లైవుడ్‌కు 3 అడుగుల లోపు, పుస్తకాలైతే రెండున్నర లోపు హద్దు పెట్టుకోవడం మంచిది. రంపపు పొట్టును అదిమి చేసే పార్టికల్ బోర్డుకు ఇంకా తక్కువ.

ఇప్పుడు చెక్క. దుకాణంలో ఒకేలా కనిపించే షీట్లు లోపల ఒకటి కావు. సాధారణ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 303. అందులో ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకం తేమను కొంతవరకే ఓర్చుకుంటుంది, బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) రకం నీటికి బాగా నిలబడుతుంది. మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710. దాని జిగురు 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదని పరీక్ష. షీటు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఫోనులో భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే అది నిజంగా ఎవరిదో తెలుస్తుంది. రెండు నిమిషాల పని. షీటు ఇంటికి వచ్చాక కాదు, దుకాణంలో ఉండగానే చూసుకోవాలి.

"అన్నీ మెరైన్ ప్లైవుడ్‌తోనే చేయించండి" అని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. అది భద్రమైన సలహాలా వినిపిస్తుంది కానీ బడ్జెట్‌ను అనవసరంగా తినేస్తుంది. మొదటి అంతస్తులో, తడి తగలని లోపలి గోడకు ఆనుకున్న బట్టల అలమరకు మెరైన్ ఎందుకు? అక్కడ ఎంఆర్ చాలు. ఫ్యాక్టరీలో అంచులు మూసి వచ్చే మైకా వేసిన పార్టికల్ బోర్డు కూడా అక్కడ పదేళ్ళు హాయిగా నిలుస్తుంది. మిగిలిన డబ్బును నీరు తగిలే చోట పెట్టాలి. సింకు కింద, స్నానాల గది గోడకు అవతలి వైపు, కింది అంతస్తులో నేలను ఆనుకుని ఉండే మొదటి అర అడుగు.

ఈ మాట పుస్తకం చదివి చెప్పడం లేదు. 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వర్షం ఈ ఊరి వారెవరూ మరిచిపోరు. కొండదారులు మూసేశారు, వీధులు కాలువలయ్యాయి, ఎన్నో ఇళ్ళ కింది అంతస్తుల్లోకి నీరొచ్చింది. మా ఇంట్లో నిలిచింది అర అడుగు కంటే తక్కువే, ఒక్క రాత్రి. మర్నాటికి పార్టికల్ బోర్డుతో చేసిన టీవీ అలమర అడుగుభాగం బన్నులా ఉబ్బింది. ఎండబెట్టినా దిగలేదు. స్క్రూలు చేతితో లాగితే వచ్చేశాయి. అమ్మిన దుకాణంలో అది ప్లైవుడ్ అనే చెప్పారు, మేము అంచు చూసి తేల్చుకోలేదు. అంచు చూస్తే పొరలు పొరలుగా ఉన్నది ప్లైవుడ్, రంపపు పొట్టు అదిమినట్టు ఉన్నది పార్టికల్ బోర్డు. అదే గదిలో అమ్మ పెళ్ళినాటి ఇనుప బీరువా కాళ్ళకు కాస్త తుప్పు పట్టింది తప్ప చెక్కుచెదరలేదు.

అప్పటి నుంచి నేను ఎవరికైనా మొదట చెప్పేది పీఠం గురించి. కింది అంతస్తులో చెక్క నేలను తాకకూడదు. అలమర కింద 4 అంగుళాల ఇటుక కట్టు కట్టి పైన గ్రానైట్ పరిస్తే చాలు. మన జిల్లాల్లో గ్రానైటుకు కొరత లేదు. కుప్పం ఆకుపచ్చ గ్రానైటుకు దేశమంతటా పేరుంది. కోత యూనిట్ల దగ్గర సన్నటి పట్టీ ముక్కలు మిగిలిపోయి ఉంటాయి, పీఠానికి అవి సరిపోతాయి. ఇటుక కట్టు వద్దనుకుంటే ప్లాస్టిక్ కాళ్ళు వాడవచ్చు, కానీ వాటి కింద చీపురు తిరిగేంత ఖాళీ వదలండి. గోడకూ అలమర వెనుక పలకకూ మధ్య ఒక అంగుళం ఎడం ఉంటే గోడ చెమ్మ చెక్కకు పాకదు.

చెదల సంగతి కూడా ఇక్కడే. చెద నేల నుంచి, గోడ పగుళ్ళ నుంచి మట్టి సొరంగం కట్టుకుంటూ వస్తుంది. ప్లైవుడ్ ఎంత ఖరీదైనదైనా దాని దారి మూయకపోతే లాభం లేదు. కట్టిన ఇళ్ళకు చెదల మందు వేసే పద్ధతిని ఐఎస్ 6313 మూడో భాగం వివరిస్తుంది. గోడ, నేల కలిసే చోట వరుసగా రంధ్రాలు వేసి మందు పోసి మూసేస్తారు. ఈ పని అలమర బిగించడానికి ముందు జరగాలి. బిగించాక ఆ మూల మళ్ళీ చేతికి అందదు.

ఇక చవకైన నిల్వ అంటే నా దృష్టిలో మొదటి స్థానం కడప బండదే. చిత్తూరులో, తిరుపతిలో ముప్పై నలభై ఏళ్ళ నాటి ఇల్లు ఏది చూసినా గోడలో నల్లటి కడప బండల అరలు కనిపిస్తాయి. వాటిని పాతకాలపువని కొట్టేయించి కొత్త అలమర పెట్టించుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. చెద పట్టదు, నీటికి ఉబ్బదు, కుంగదు. ఆ అరలను అలాగే ఉంచి ముందు చట్రం బిగించి తలుపులు మాత్రం పెడితే, ఆరు షీట్ల పని రెండు షీట్లతో తీరుతుంది. వంటగదిలో ఇది మరింత నిజం. గట్టు కింద బండలే నిలువు గోడలుగా ఉంటే, పెట్టెలు చేయించకుండా తలుపులు, ఒకటి రెండు తీగబుట్టలు చాలు. సింకు కారినా తడిసేది రాయి.

దాని లోపాలూ చెప్పాలి. కడప బండ సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు, ఊరగాయ జాడీ కింద కారిన రసం పడితే మచ్చ పడుతుంది, మెరుపు పోతుంది. జాడీల కింద పళ్ళెం పెట్టాలి. బరువూ ఎక్కువే. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న ఒక్క బండ దాదాపు 28 కిలోలు తూగుతుంది. పై అంతస్తులో కొత్తగా గోడ నిండా బండలు వేయించాలంటే, కింద దూలం ఉందో లేదో ఇంజనీరును అడగకుండా ముట్టుకోవద్దు.

లోతు విషయంలో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. అలమర అనగానే 2 అడుగులు అంటారు. ఆ లోతు హ్యాంగర్లకు తగిలించే బట్టలకు కావాలి. మడిచిన చీరకు, చొక్కాకు 14, 15 అంగుళాలు చాలు. పుస్తకాలకు 10 నుంచి 12, చెప్పులకు 12 నుంచి 14. రెండడుగుల అరలో మడతబట్టలు పెడితే ముందొక వరుస, వెనకొక వరుస అవుతాయి. వెనక వరుస ఏడాదికొకసారి బయటికొస్తుంది. చెక్క ఖర్చు పెరిగింది, గది ఇరుకైంది, వస్తువు దొరకలేదు. కాబట్టి ఆచారిని పిలిచే ముందు ఇంట్లో ఉన్న సామాను రాసుకోవాలి. వేలాడేవి ఎన్ని, మడిచేవి ఎన్ని, ఏడాదికొకసారి దించేవి ఏవి?

తిరుపతి ఇళ్ళకు ఈ జాబితాలో ప్రత్యేకంగా ఒక వస్తువు ఉంటుంది, పరుపులు. కొండకు వచ్చే చుట్టాలు మన ఇంట్లో ఒక రాత్రైనా పడుకుంటారు. నెలలో రెండుసార్లు నలుగురైదుగురికి పక్కలు వేయాల్సిన ఇల్లు ఇది. దుప్పట్లు, దిండ్లు, చుట్టిన పరుపులు అలమరలో పెడితే బట్టలకు చోటుండదు, అటక మీద పెడితే రాత్రి పదకొండుకు నిచ్చెన ఎక్కాలి. వాటికి సరైన చోటు మంచం కింది పెట్టె. హైడ్రాలిక్ లిఫ్టు ఉన్న మంచం సౌకర్యమే కానీ, పక్కకు లాగే సొరుగులు రెండు ఉన్న మంచం చవక, చెడిపోయే భాగాలూ తక్కువ. మంచం పక్కన సొరుగు పూర్తిగా బయటికి రావడానికి చోటుందో లేదో మాత్రం ముందే కొలవాలి.

అటక మీదకు బొమ్మల కొలువు పెట్టెలు, ఇత్తడి బిందెలు, పండగ గుండిగలు వెళతాయి. 7 అడుగుల ఎత్తున ఉన్న అటకకు తలుపులు పెట్టిస్తే దుమ్ము ఆగుతుంది, అంతకు మించి అక్కడ ఖర్చు పెట్టనక్కర్లేదు. లోపల మైకా వద్దు. కొలువు చేసేవారికి ఒక సూచన. మెట్ల కోసం వేరే బల్లలు కొనకుండా, ఒకదానికంటే ఒకటి ఎత్తుగా ఉండే గట్టి పెట్టెలు చేయించుకుంటే నవరాత్రుల్లో అవే మెట్లు, మిగతా రోజుల్లో బొమ్మలకు అవే ఇల్లు.

పూజ అలమర గురించి కూడా ఒక జాగ్రత్త. దీపం పైన అడుగు దూరంలో మైకా అర ఉంటే అది క్రమంగా పొక్కుతుంది, కర్పూరం వెలిగిస్తే మాడుతుంది కూడా. దీపం పెట్టే అర కిందా పైనా రాయి లేదా టైలు ఉండాలి.

ఇనుప బీరువాను తక్కువగా చూడవద్దు. 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 లోతు దాని మామూలు కొలత. నైరుతి మూలలో బీరువా ఉండాలనే పట్టింపు ఉన్న ఇళ్ళలో ఎలాగూ చోటు కేటాయిస్తారు. దానికి రెండు పక్కలా పైనా చెక్కతో చట్రం కట్టి, గోడ రంగే దానికీ వేయిస్తే గది మొత్తం ఒకే అమరికలా కలిసిపోతుంది. అలమర పని మూడో వంతు తగ్గుతుంది.

గదిని మార్చడం అంటే గోడ కొట్టడమే అనుకునేవారు ఒక్క క్షణం ఆగాలి. పిల్లర్లు లేని పాత మిద్దెల్లో 9 అంగుళాల గోడ అంటే పైకప్పును మోసే గోడ. చోటు కలిసొస్తుందని అందులో గూడు తవ్వినా ప్రమాదమే. పిల్లర్లున్న ఇంట్లో 4న్నర అంగుళాల అడ్డుగోడ తీయవచ్చు, అదీ ఇంజనీరు చూశాకే. ఆ గోడ స్థానంలో రెండు గదుల వైపూ తెరుచుకునే అలమర పెట్టించుకుంటే గోడ మందం కూడా నిల్వ చోటుగా మారుతుంది. వంటగదిలో పై అలమరలు తగిలించేటప్పుడు మాత్రం గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. బోలు దిమ్మెల గోడలో మామూలు మేకు సామాను బరువుకు ఊడివస్తుంది.

పనుల వరుస తప్పితే డబ్బు రెండుసార్లు పోతుంది. కరెంటు తీగలకు, నీటి గొట్టాలకు గోడ చెక్కడం మొదట. తర్వాత పూత, నేల, చెదల మందు, రంగు మొదటి పొర. చెక్కపని ఆ తర్వాతే. చివరి రంగు చెక్కపని అయ్యాక. కొత్త పూత ఆరకముందే అలమర బిగిస్తే ఆ చెమ్మంతా వెనుక పలకలోకి వెళుతుంది. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్కువ కాబట్టి సంక్రాంతి దాటాక మొదలుపెడితే పూత త్వరగా ఆరుతుంది. కొత్త చెక్క జిగురు వాసన కొన్ని వారాలు ఉంటుంది. అది జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. పసిపిల్లలున్న గదిలో ఆ వాసన పోయేదాకా తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి, పిల్లలను వేరే గదిలో పడుకోబెట్టాలి.

అత్త చివరకు ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చి మళ్ళీ ధర అడిగింది. అందులో చెక్క రకం, మందం, షీట్ల సంఖ్య, లోపలి మైకా, అరల సంఖ్య, 7 అడుగుల తలుపుకు నాలుగు చొప్పున హింజ్‌లు, సొరుగుల చానెళ్ళు, పీఠం అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. ఈసారి ముగ్గురి ధరలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. మొదట ఎక్కువ చెప్పిన ఆయనే ఇప్పుడు అందరికంటే కాస్త తక్కువ. పని ఆయనకే ఇచ్చింది. సామాను తానే కొన్నది, కూలి మూడు విడతలుగా ఇస్తానంది. చివరి విడత తలుపులన్నీ సరిచేసి, వారం రోజులు వాడి చూశాక.

వెనుక పలక బిగించే రోజు నేనూ వెళ్ళాను. గోడ మీద టేపు సాగదీసి పట్టుకుని, తీగలూ గొట్టాలూ ఎక్కడెక్కడ వెళుతున్నాయో కొలత కనబడేలా ఫొటోలు తీశాం. ఆ ఫొటోలు ముద్రించి అత్త అలమర తలుపు లోపలి వైపే అతికించింది, ఎప్పుడైనా ఎవరైనా ఆ గోడకు మేకు కొట్టాలంటే ముందు తలుపు తెరిచి చూడాలని.